నరసన్నపేటలాంటి ఊళ్ళో పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ: ఇన్నోవాను ఇచ్చేసి కొనవచ్చా?

ప్రశ్న అడిగిన నరసన్నపేట మిత్రులకు నమస్కారం. మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో మీరు ఆరుగురు: మీ దంపతులు, తొమ్మిదేళ్ళ అబ్బాయి, మూడేళ్ళ పాప, అమ్మగారు, మోకాళ్ళ నొప్పితో బాధపడుతున్న నాన్నగారు. 2017 నాటి ఇన్నోవా క్రిస్టా ఉంది. దాన్ని షోరూములో ఇచ్చేసి, మూడు వరుసల సీట్లున్న పెద్ద లగ్జరీ ఎస్‌యూవీని ఇంటికంతటికీ ఒకే కారుగా తెచ్చుకోవాలని అనుకుంటున్నారు. వారానికొకసారి వ్యాపారం పని మీద విశాఖపట్నం, నెలకొకసారి పాలకొండ దగ్గరి అత్తవారి ఊరు, ఏడాదికి రెండు సార్లు హైదరాబాదు, మిగిలిన రోజుల్లో ఊళ్ళోనే బడి, బజారు, కొట్టు. ఇటువంటి కారు మన జిల్లాల్లో కుటుంబానికి పనికొస్తుందా, దగ్గర్లో షోరూము లేకపోతే సర్వీసు మాటేమిటి, డీజిలు తీసుకోవాలా పెట్రోలు తీసుకోవాలా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, కొనవచ్చు. విశాఖ, హైదరాబాదు ప్రయాణాలకు అంతకంటే సుఖమైన కుటుంబ వాహనం నాకు తెలియదు. అయితే ఇన్నోవాను ఇచ్చేసి మాత్రం కొనవద్దు. పెద్ద కారును ఇంట్లో రెండో బండిగా ఉంచుకునే చోటు, స్తోమత ఉంటేనే అది మీకు సుఖం ఇస్తుంది. ఉన్న ఒక్క కారూ అదే అయితే, ఆరు నెలలు తిరగకుండానే ఊళ్ళో పనులకు స్కూటరు, బయటి పనులకు అద్దె కారు వెతుక్కునే పరిస్థితి వస్తుంది. రెండు బళ్ళు ఉంచడం వీలుకాకపోతే ఈ ఆలోచన మానుకుని ఇన్నోవా హైక్రాస్ వంటిది చూసుకోమని చెబుతాను.

ఈ మాట చెప్పడానికి నాకున్న అనుభవం కూడా చెప్పాలి. మాది సాలూరు. లారీలకు పేరున్న ఊరు కాబట్టి, మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచి భోజనాల దగ్గర కూడా టైర్ల లెక్కలు, డీజిలు లెక్కలే నడిచేవి. ఇప్పుడు నేను విజయనగరంలో స్థిరపడ్డాను. 2021 చివరలో మూడు లీటర్ల డీజిలు ఇంజిను, ఏడు సీట్లు, ఎయిర్ సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే గాలి తిత్తుల ఏర్పాటు) ఉన్న ఒక పెద్ద ఎస్‌యూవీ కొన్నాను. ఇప్పటికి 84 వేల కిలోమీటర్లు తిరిగింది. దాని బ్రాండు పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఆ తరగతి కార్లన్నింటికీ ఉండేవే. నా పాత ఇన్నోవా ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. మొదటి ఏడాది దాన్ని అమ్మేద్దామని రెండుసార్లు బేరం కూడా పెట్టాను, కుదరకపోవడమే మంచిదయింది.

ముందుగా మీ ఇంటి సందు సంగతి చూద్దాం. మీరు వీధి వెడల్పు పది అడుగులని రాశారు. అందరూ కారు పొడవు గురించే కంగారు పడతారు గానీ, మన ఊళ్ళలో నిజంగా ఇబ్బంది పెట్టేది వెడల్పు. క్రిస్టా పొడవు 4.73 మీటర్లు, వెడల్పు 1.83 మీటర్లు. బీఎండబ్ల్యూ ఎక్స్7 పొడవు 5.18 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. బెంజ్ జీఎల్ఎస్ పొడవు 5.2 మీటర్లు, అంటే పదిహేడు అడుగులు. ఆడి క్యూ7 5.06 మీటర్లు, వోల్వో ఎక్స్‌సీ90 4.95 మీటర్లు ఉంటాయి. ఈ వెడల్పుల్లో అద్దాల లెక్క ఉండదు. అద్దాలు తెరిచి ఉంచితే పెద్ద వాటికి 2.15 నుంచి 2.2 మీటర్ల దాకా కావాలి, అంటే ఏడడుగులకు పైమాటే. మీ పది అడుగుల సందులో ఒక పక్క కరెంటు స్తంభం, మరో పక్క ఎవరి ఇంటి మెట్లో ఉంటే మీకు మిగిలేది జానెడు. ఎదురుగా ఆటో వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు సందు చివరి దాకా వెనక్కి పోవాలి, ఆ ఒకరు ఎప్పుడూ మీరే అవుతారు, ఎందుకంటే గీత పడితే ఖర్చు మీది.

మలుపు తిరగడం మరో సమస్య. క్రిస్టా దాదాపు పదకొండు మీటర్ల వలయంలో చుట్టు తిరుగుతుంది. ఈ పెద్ద కార్లకు పన్నెండున్నర నుంచి పదమూడు మీటర్లు పడుతుంది. కాగితం మీద అది చిన్న తేడాలాగే కనిపిస్తుంది గానీ, విజయనగరంలో గంటస్తంభం దగ్గర సాయంత్రం ఆరు గంటలకు తిప్పి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. ఇన్నోవా ఒక్క దెబ్బలో తిరిగే చోట దీన్ని మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలి. వెనుక చక్రాలు కూడా కొద్దిగా తిరిగే ఏర్పాటు కొన్ని మోడళ్ళలో వస్తుంది. మీరు చూస్తున్న కారులో అది ఉంటే, పైకప్పు అద్దం కన్నా, ఇరవై స్పీకర్ల కన్నా దానికే డబ్బు పెట్టండి.

ఇక్కడ షోరూములో ఎవరూ చెప్పని ఒక విషయం చెప్పాలి. మన ఇళ్ళ ముందు మురుగు కాలువ మీద పలకలు వేసి గేటు దాకా వాలు కడతారు కదా, ఆ పలకలు స్కూటర్లకు, చిన్న కార్లకు వేసినవి. ఈ కారు ఖాళీగానే రెండు టన్నులు దాటి రెండున్నర టన్నుల దాకా తూగుతుంది, మనుషులు, సామాను ఎక్కితే మూడు టన్నులను అందుకుంటుంది. బొబ్బిలిలో మా చెల్లెలి గారింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళ గేటు ముందరి పలక ముందు చక్రం కింద పెళ్ళున పగిలింది. కారు బాగానే బయటపడింది, పలక కొత్తగా వేయించి ఇచ్చాను. అప్పటినుంచి ఏ చుట్టాలింటికి వెళ్ళినా ముందు దిగి పలక చూసి వస్తాను, బావగారు ఆ విషయం ప్రతి పెళ్ళిలోనూ గుర్తు చేస్తూనే ఉంటారు. మీ అత్తవారి ఊరి వీధిలో కూడా ఈ సంగతి చూసుకోండి.

మీ నాన్నగారి మోకాళ్ళ విషయం ఇంకా ముఖ్యం. ఎత్తైన కారులో పెద్దవాళ్ళు సుఖంగా కూర్చుంటారనే మాట సగమే నిజం. కూర్చున్నాక నిజంగానే సుఖం. సీటు ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. ఎక్కడం, దిగడం మాత్రం వేరే సంగతి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే మీట నొక్కగానే కారు నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, ఆ మేరకు మేలు. అయినా గడప వెడల్పుగా ఉండడం వల్ల కాలు బాగా చాచి లోపలికి వేయాలి, చీర కట్టుకున్న అమ్మగారికి ఇది మరీ కష్టం. పక్కనుండే మెట్టు పలక కొన్నింటికి సన్నగా ఉండి పాదం పూర్తిగా ఆనదు, పైగా వానాకాలంలో బురద అంతా చీర అంచుకే అంటుతుంది. మా అమ్మ మొదటి నెలంతా ఇన్నోవాలోనే వస్తానని పట్టుబట్టింది. చివరికి నేను చిన్న చెక్క పీట ఒకటి చేయించి డిక్కీలో ఉంచాను. కోటి రూపాయల కారులో పీట ఏమిటని నవ్వినవాళ్ళు ఉన్నారు, కానీ అరసవల్లి గుడి దగ్గర నలుగురైదుగురు ముసలమ్మలు ఆ పీటను పొగిడి వెళ్ళారు. టెస్ట్ డ్రైవుకు నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్ళండి, ఒక్కసారి కాకుండా వరుసగా నాలుగుసార్లు ఎక్కించి దించి చూడండి. మొదటిసారి అందరూ ఉత్సాహంతో ఎక్కేస్తారు, నాలుగోసారి మోకాలు నిజం చెబుతుంది.

మూడో వరుస గురించి కూడా భ్రమలు ఉండకూడదు. ఈ తరగతిలో పెద్దవాళ్ళు నిజంగా కూర్చోగలిగిన మూడో వరుస జీఎల్ఎస్, ఎక్స్7 వంటి వాటిలోనే ఉంటుంది. వోల్వో తన ఎక్స్‌సీ90 మూడో వరుస 170 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న వారికని చెబుతుంది, క్యూ7లో అది పిల్లల సీటనే అనుకోవాలి. మీ ఆరుగురిలో మూడో వరుసకు వెళ్ళేది తొమ్మిదేళ్ళ అబ్బాయి, అతనికి తోడుగా మీ శ్రీమతి. పాప సీటును మధ్య వరుసలో ఐసోఫిక్స్ కొక్కేలకు బిగిస్తే, చాలా కార్లలో ఆ పక్క సీటు ముందుకు ఒరగదు. అప్పుడు వెనక్కి వెళ్ళే దారి మరో పక్క నుంచే, అంటే మీ నాన్నగారు దిగి దారి ఇవ్వాలి. ఈ ఒక్క కారణంగా మధ్య వరుసలో విడివిడిగా రెండు కుర్చీలున్న ఆరు సీట్ల రకమే మీకు నయం, నడుమ సందులోంచి పిల్లలు వెనక్కి నడిచిపోతారు. అన్ని సీట్లూ నిలిపి ఉంచితే డిక్కీలో రెండు చిన్న పెట్టెలు పడితే గొప్ప. తిరుపతి ప్రయాణానికి ఏడుగురం బయలుదేరి, సామానంతా కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళిన వాళ్ళం మేము.

ఘాటు రోడ్ల గురించి చిన్న మాట. ఎస్.కోట మీదుగా అరకు వెళ్ళేటప్పుడు గానీ, సాలూరు దాటి కొరాపుట్ వైపు ఎక్కేటప్పుడు గానీ, మెత్తని సస్పెన్షన్ వల్ల మూడో వరుసలో పిల్లలకు వాంతులు ఎక్కువవుతాయి. స్పోర్ట్ మోడ్ పెడితే సస్పెన్షన్ కాస్త బిగుస్తుంది. చాలామంది దాన్ని వేగం కోసమే అనుకుంటారు, నేను వాడేది మాత్రం పిల్లల కడుపు కోసం.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇబ్బందులే. మరి ఎందుకు కొనవచ్చని అన్నాను? హైవే కోసం. నరసన్నపేట నుంచి విశాఖకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 130 కిలోమీటర్లు. ఇన్నోవాలో వెళ్ళి, పని చూసుకుని, రాత్రికి తిరిగి వచ్చాక మీ నడుము ఎలా ఉంటుందో మీకే తెలుసు. ఈ కారులో ఆ అలసట సగానికి సగం తగ్గుతుంది. లోపల మాట మెల్లగా మాట్లాడుకోవచ్చు, లారీని దాటాలంటే క్షణాల పని, బ్రేకు నొక్కితే ఇంత బరువైన బండీ నిటారుగా ఆగుతుంది. 2023లో మా నాన్నగారికి రాత్రివేళ గుండెలో ఇబ్బంది వచ్చి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, సీటు పూర్తిగా వెనక్కి వాల్చి పడుకోబెట్టాం, దారి పొడవునా ఆయన ఒక్కసారి కూడా కుదుపు అనలేదు. పెట్టిన డబ్బు గురించి ఆ రాత్రి తరువాత నేను మళ్ళీ లెక్క వేసుకోలేదు. ప్రయాణాలు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకోండి. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు దీన్ని మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలకు 200 దాటింపులు ఇచ్చారు, ఇప్పటి ధర కనుక్కోండి. జాతీయ రహదారుల టోల్ గేట్లకే వర్తిస్తుంది గనుక మడపాం, నాతవలస గేట్లు దాటే మీకు బాగా కలిసివస్తుంది.

డీజిలా, పెట్రోలా అన్నది మీ విషయంలో తేలికైన ప్రశ్నే, కానీ కారణం మైలేజీ కాదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి, అందుకు బండి ఆగకుండా ఒక వేగంలో కొంతసేపు నడవాలి. ఇల్లు, బడి, కొట్టు అంటూ రెండేసి కిలోమీటర్లు తిప్పితే ఇంజిను వేడెక్కకముందే ఆపేస్తాం, మసి పేరుకుంటుంది. కరోనా మూడో విడత రోజుల్లో, 2022 జనవరిలో, నేను రెండు వారాలు ఊళ్ళోనే తిప్పాను. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఆ దీపం చూసి వర్క్‌షాపుకు పరుగెత్తనక్కర్లేదు. ఆనందపురం వైపు హైవే ఎక్కి, డెబ్బై ఎనభై వేగంలో అరగంట తోలుకుని వచ్చాక అదే ఆరిపోయింది. దాన్ని పట్టించుకోకుండా తిరిగితే మాత్రం ఫిల్టరు పూర్తిగా మూసుకుపోతుంది, అప్పుడు వచ్చే బిల్లు లక్షల్లోనే. మీరు వారం వారం విశాఖ వెళ్తారు కాబట్టి మసి దానంతటదే కాలిపోతుంది, మీకు డీజిలే సరి. వారాల తరబడి ఊరు దాటని ఇంటికైతే పెట్రోలే తీసుకోమంటాను.

డీజిలుతో పాటు యూరియా ద్రావణం కూడా పోస్తూ ఉండాలి. దాని ట్యాంకు వేరు, మూత నీలం రంగులో ఉంటుంది. అది అయిపోతే కారు నడుస్తూ నడుస్తూ ఆగదు గానీ, ఒకసారి ఆపాక మళ్ళీ స్టార్టు కాదు. చాలా ముందునుంచే హెచ్చరిక వస్తుంది కనుక భయపడనక్కర్లేదు. బీఎస్6 లారీలకూ ఇదే కావాలి కాబట్టి హైవే పక్క బంకుల్లో, లారీ సామాన్ల దుకాణాల్లో డబ్బాలు దొరుకుతాయి. సీలు ఉన్న డబ్బానే కొనండి, విడిగా పోసేది వద్దు. పొరపాటున దీన్ని డీజిలు ట్యాంకులో పోసిన డ్రైవర్లు మా లారీల వాళ్ళలోనే ఉన్నారు, అలా జరిగితే తాళం కూడా తిప్పకుండా బండిని లాక్కుపోవాలి. నా కారు హైవే మీద లీటరుకు పన్నెండు, ఊళ్ళో ఏడు ఇస్తుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో డీజిలు చవక అన్నది మీకు నేను చెప్పేదేముంది.

సర్వీసు సంగతికి వద్దాం. ఈ బ్రాండ్లకు మన రెండు జిల్లాల్లో వర్క్‌షాపు లేదు, విశాఖకు వెళ్ళవలసిందే. ఏడాదికొకసారి చేసే మామూలు సర్వీసుకు అది పెద్ద ఇబ్బంది కాదు, ఉదయం ఇచ్చి సాయంత్రం తెచ్చుకోవచ్చు. అనుకోకుండా వచ్చే రిపేరే ఏడిపిస్తుంది. నాలుగో ఏట ఒక ఉదయం చూస్తే కారు వెనుక ఎడమ పక్క నేలకు వాలి, కుంటి గేదెలా నిలబడి ఉంది. ఇంజిను ఆన్ చేస్తే పైకి లేస్తుంది, రాత్రికి మళ్ళీ దిగుతుంది. నేను వారం రోజులు అలాగే నడిపాను, అది నా తప్పు. ఎయిర్ సస్పెన్షన్‌లో ఇనప స్ప్రింగుకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. ఎండకు, దుమ్ముకు ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్ళిచ్చి గాలి కారుతుంది. కారుతున్న గాలిని నింపడానికి కంప్రెసరు పదే పదే పనిచేసి, చివరికి అదీ కాలిపోతుంది. నాకు అదే జరిగింది. తిత్తి ఒక్కటే మార్చుకోవలసిన చోట కంప్రెసరు కూడా మార్చవలసి వచ్చింది, రెండూ కలిసి మూడు లక్షలకు పైగా అయ్యాయి. కారును ట్రక్కు మీద ఎక్కించి విశాఖ పంపాక, సామాను రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఇల్లు నడిచింది పాత ఇన్నోవా మీదే. అది అమ్మవద్దని మీకు మొదటే చెప్పడానికి ఇదే అన్నింటికన్నా పెద్ద కారణం.

అందువల్ల పొడిగించిన వారంటీ లేకుండా ఈ కారును ఒక్కరోజు కూడా ఉంచుకోకండి. కంపెనీ ఇచ్చిన వారంటీ ముగిశాక తీసుకుందామని వాయిదా వేస్తే ధర పెరుగుతుంది, ఒక్కోసారి ఇవ్వరు కూడా. సస్పెన్షన్ తిత్తులు, కంప్రెసరు అందులో వస్తాయో లేదో కాగితం చదివి తెలుసుకోండి, సేల్స్ కుర్రాడి మాట మీద వెళ్ళవద్దు.

టైర్ల విషయంలో లారీల వాడిగా నాకొక పట్టింపు ఉంది. షోరూములో ఇరవై ఒకటి, ఇరవై రెండు అంగుళాల చక్రాలు చూసి మురిసిపోతాం. చక్రం పెద్దదయ్యే కొద్దీ టైరు గోడ సన్నబడుతుంది, గుంటలో పడినప్పుడు దెబ్బ తినేది ఆ గోడే. గోడ చిరిగితే పంక్చరు అతుకు పనికిరాదు, టైరు మార్చడమే. రామభద్రపురం దాటాక రాత్రి తొమ్మిదింటికి వాన నీళ్ళు నిండిన గుంటలో పడి నా టైరు గోడ చీలింది. ఆ కొలత టైరు సాలూరులో లేదు, విజయనగరంలో లేదు, విశాఖలో కూడా మరునాడు తెప్పించి ఇచ్చారు. ఒక్కటీ నలభై రెండు వేలు. స్టెప్నీ ఉంది గనుక ఇల్లు చేరాం, అదీ సన్న టైరు, ఎనభై వేగం దాటకూడదు. కొన్ని కార్లలో స్టెప్నీ అసలు ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు, అవి కూడా సాధారణంగా ఎనభై కిలోమీటర్లకు మించి నడవవు, గోడ చిరిగితే అంత కూడా రావు. కాబట్టి మీరు కొనే మోడలులో దొరికే అన్నింటికంటే చిన్న చక్రాలే అడగండి, స్టెప్నీ ఉందో లేదో డిక్కీ ఎత్తి కళ్ళతో చూడండి.

బీమా గురించి మన తీరంవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు మనం చూసినవే. నీళ్ళలో ఆగిన ఇంజినును మళ్ళీ స్టార్టు చేస్తే లోపలికి నీరు పోయి ఇంజిను విరిగిపోతుంది, మామూలు పాలసీలో దానికి పైసా రాకపోవచ్చు. ఇంజిను రక్షణ, తరుగుదల లేని బీమా, టైర్ల బీమా ఈ మూడూ విడిగా అడిగి వేయించుకోండి. ఎత్తైన కారు కదా అని పొంగిన గెడ్డలోకి (వాగులోకి) దించే ధైర్యం మాత్రం చేయకండి. ఇక పైకప్పంతా అద్దం ఉన్న కారు అయితే కొబ్బరిచెట్టు కింద పెట్టకండి. ఉద్దానంవాళ్ళకు ఇది నవ్వులాటగా అనిపించవచ్చు గానీ, టెక్కలి దగ్గర నా స్నేహితుడి కారు మీద పడినది ఒకటే కాయ, పోయినది అద్దం మొత్తం. ముందు అద్దం మార్చవలసి వస్తే దాని వెనకున్న కెమెరాను మళ్ళీ సరిచేయించాలి, లేకపోతే దానంతటది బ్రేకు వేసే ఏర్పాటు తప్పుగా పనిచేస్తుంది.

ఆ ఏర్పాటు సరిగా ఉన్నా మన రోడ్ల మీద కొత్తలో బెదరగొడుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. వాటిని తప్పించబోయి పక్కకు తిప్పితే గీత దాటుతున్నావంటూ స్టీరింగును వెనక్కి లాగుతుంది. ఆ గీత హెచ్చరికను పల్లె రోడ్ల మీద ఆపేసి, బ్రేకు ఏర్పాటును మాత్రం ఉంచుకోండి. మీరు డ్రైవరును పెట్టుకుంటే, అతనికి మొదటి నెలంతా మీరే పక్కన కూర్చుని నేర్పించాలి. మా డ్రైవరు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడే, అయినా హ్యాండ్‌బ్రేకు ఎక్కడుందో వెతుక్కుంటూ రెండు రోజులు గడిపాడు. ఎలుకల బెడద కూడా ఉంది. ధాన్యం బస్తాల పక్కన కారు పెడితే వైర్లు కొరికేస్తాయి, ఈ కార్లలో వైర్ల కట్ట మార్చడమంటే మాటలు కాదు.

డబ్బు లెక్కలు క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి కార్ల మీద జీఎస్‌టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది కాబట్టి నాకన్నా మీరు అదృష్టవంతులు. జీవితకాల పన్ను లక్షల్లో ఉంటుంది, దాన్ని తప్పించుకోవడానికి వేరే రాష్ట్రం నంబరు వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు వస్తారు. వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ పన్నెండు నెలలు మించి ఉంచితే మళ్ళీ ఇక్కడే రిజిస్ట్రేషను చేయించాలని చట్టం చెబుతోంది, ఆ తలనొప్పి వద్దు. షోరూములో అదనంగా పట్టుకునే ఒక శాతం టీసీఎస్‌ను (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్నును) ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి లెక్కలోకి తెచ్చుకోవచ్చు, ఆ పత్రం అడిగి తీసుకోండి. నాకు సర్వీసు, బీమా, టైర్లు కలిపి సగటున ఏడాదికి నాలుగున్నర లక్షలు అవుతున్నాయి, డీజిలు వేరు. తిరిగి అమ్మితే నాలుగేళ్ళకు సగం ధర కూడా రాదని ముందే మనసులో రాసుకోండి. లెక్కలో కనపడని ఖర్చు ఇంకొకటి ఉంది. ఆ కారు వాకిట్లో నిలిచిన రోజునుంచి జాతరలకూ, వినాయక చవితికీ వచ్చే చందా పుస్తకాల్లో మీ పేరు ఎదుట అంకె మారుతుంది, చుట్టుపక్కల పెళ్ళికొడుకులందరి ఊరేగింపుకూ మీ కారే కావాలంటారు. నేను మొదటి ఏడాది మూడు పెళ్ళిళ్ళకు ఇచ్చి, బానెట్ మీద పూలదండల తీగ గీతలు పడ్డాక, డ్రైవరు ఊళ్ళో లేడని చెప్పడం నేర్చుకున్నాను.

అడ్వాన్సు కట్టకముందు ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవు కారును విశాఖలో తిప్పి ఊరుకోకుండా మీ ఇంటి దాకా తీసుకురమ్మని అడగండి. కొనే ఉద్దేశం గట్టిగా ఉందని తెలిస్తే సాధారణంగా ఒప్పుకుంటారు. అది మీ సందులో తిరిగి, పలక దాటి, గేటులోంచి లోపలికి వెళ్ళి, నాలుగు తలుపులూ తెరుచుకుంటే అప్పుడు ఆలోచించండి. గేటు బయటే ఆగిపోతే, వీధిలో రాత్రంతా ఉంచవలసిన కారు కాదది.

చివరన రంగు అడిగారు. మన ఎండకు, దుమ్ముకు తెలుపే నయం. నాది నలుపు, కడిగిన గంటకే కడగనట్టు ఉంటుంది.